నీలం బద్ద

నడిమి గది టీచరుకి ఒక పాట ఉంది. మాటలు ఆవిడవే, వరస ఆవిడదే, దాన్ని తలుచుకుని మురిసిపోవడం కూడా ఆవిడ వంతే. పాటకి తోడు ఏడు కర్రబద్దలున్నాయి, ఏడిటికీ ఏడు రంగులు. అన్నిటికన్నా చిన్నదైన తెల్లబద్ద బెత్తెడుంటుంది, అన్నిటికన్నా పెద్దదైన నల్లబద్ద జానెడుంటుంది. మిగతా ఐదూ ఆ మధ్యలో ఒక్కో వేలిమందం చొప్పున పెరుగుతూ పోతాయి. వాటిని చాపమీద కుప్పపోసి "చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చండర్రా" అంటే నాలుగేళ్ల పిల్లలు ఏం చేస్తారు? ఒకడు ఇల్లు కడతాడు. ఇద్దరు కత్తియుద్ధం మొదలుపెడతారు. ఒకత్తి నోట్లో పెట్టుకుని తీరిగ్గా నములుతుంది. ఈ గోల పడలేకే ఆవిడ పాట కట్టింది.

తెల్లది బుల్లిది, గులాబి గునగున,
ఆకుపచ్చ అడుగేసె, ఎరుపేమో ఎగిరొచ్చె,
పసుపు పైకెదిగె, నీలం నిక్కి నిలిచె,
నల్లన్న అందరికీ పెద్దన్న!

ఈ పాట నోటికొచ్చిన పిల్లల చేతుల్లో బద్దలు వాటంతటవే నడిచొచ్చి వరసలో కూర్చునేవి. బడి చూడ్డానికి ఎవరైనా వస్తే, బడి నడిపే పెద్ద టీచరు వాళ్లని ముందు నడిమి గదికే తీసుకొచ్చేది. పిల్లలు గొంతు చించుకుని పాడేవాళ్లు, బద్దలు పేర్చేవాళ్లు, వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. టీచరు పక్కన నిలబడి, తనకేం పట్టనట్టు, కొంగు సర్దుకునేది.

బడిలో ఉన్నవే మూడు గదులు. చిన్న గది, నడిమి గది, పెద్ద గది. నడిమి గదినుంచి పెద్ద గదికి వెళ్లాలంటే పది దాకా లెక్కపెట్టాలి, రంగుల పేర్లు చెప్పాలి, ఏడు బద్దలూ వరసలో పేర్చాలి. ఇది పెద్ద టీచరు పెట్టిన నిబంధన. ఆవిడ నిబంధన పెట్టిందంటే ఇక దాన్ని ఆవిడే దాటలేదు.

సెలవులు దగ్గరపడ్డాయి. ఆ వేళ పరీక్ష. పెద్ద టీచరు కుర్చీ తెప్పించుకుని గోడవార కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కళ్లే చాపమీదికి వస్తున్నారు. అందరికన్నా ముందు మైకు వచ్చాడు. వాడి గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది కాబట్టి ఆ పేరు. కళ్లు పైకప్పు మీద పెట్టి, పాట ఎత్తుకుని, రంగు కోసం ఒక్కో ఓరచూపు మాత్రం కిందికి విసిరి టకటకా ఏడూ పేర్చేశాడు. "చూసీ చూడకుండానే పేర్చేస్తాడండీ!" అంది టీచరు పొంగిపోతూ. పెద్ద టీచరు తల ఊపింది.

చిట్టచివరికి నిదానమ్మ వంతు వచ్చింది. ఆ పేరూ టీచరు పెట్టిందే. ఆ పిల్ల చెప్పు తొడుక్కోవాలంటే ముందు దాన్ని తిప్పి చూస్తుంది, అడుగున ఏముందో తడుముతుంది, అప్పుడు తొడుక్కుంటుంది. ఈలోగా మిగతా పిల్లలు గేటు దాటి ఉంటారు. బక్క పిల్ల, మాట తక్కువ. పాట పాడేటప్పుడు పెదవులు కదుపుతుందే గానీ గొంతు పైకి రాదు.

పది దాకా లెక్కపెట్టింది. రంగులు చెప్పింది. బద్దల దగ్గరికొచ్చేసరికి పాట ఎత్తుకోలేదు. రెండు బద్దలు తీసుకుని నేలమీద పక్కపక్కన నిలబెట్టింది. వాటి తలలమీద అరచెయ్యి బోర్లించి పెట్టింది. చెయ్యి ఎటు వాలుతోందో చూసి, చిన్నదాన్ని ఎడమపక్కన పడుకోబెట్టింది. మళ్లీ రెండు తీసుకుంది. మళ్లీ చెయ్యి పెట్టింది. పెద్ద టీచరు గోడగడియారం వంక ఒకసారి, నడిమి గది టీచరు వంక ఒకసారి చూసింది.

"తల్లీ, పాట పాడుకో," అంది టీచరు.

పిల్ల పాడలేదు. తెలుపు, గులాబి, ఆకుపచ్చ, ఎరుపు. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత నీలం పడుకోబెట్టింది. దాని పక్కన పసుపు. ఆఖర్న నలుపు.

"అయ్యో! పాటలో ఎరుపు తర్వాత ఎవరొస్తారు?"

"పసుపు," అంది పిల్ల గొణుగుతూ.

"మరి ఇక్కడ ఎవరున్నారు?"

పిల్ల పసుపు బద్దనీ నీలం బద్దనీ పైకి తీసి, నిలబెట్టి, వాటిమీద చెయ్యి పెట్టింది. "పసుపు పొడుగు టీచర్," అంది.

"ఆ చెయ్యి తియ్యమ్మా ముందు! చెయ్యి పెడితే ఎలా కనిపిస్తుంది? నీలం నిక్కి నిలిచె అని రోజూ పాడట్లేదూ మనం?" టీచరు వంగి బద్దలు రెండూ తీసుకుని, వాటివంక చూడను కూడా చూడకుండా, పసుపు ఇటూ నీలం అటూ పెట్టేసింది. "ఇదీ వరస. తెలిసిందా?"

పిల్ల వరస వంక చూసింది. తర్వాత టీచరు మొహం వంక చూసింది.

"ఈ అమ్మాయి ఇంకో ఏడాది ఇక్కడే ఉండాలి," అంది పెద్ద టీచరు లేస్తూ. "తొందరేముంది, చిన్న పిల్లేగా."

సాయంత్రం ఆ పిల్ల తల్లి వచ్చింది. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ బట్టల్లోనే, భుజాన సంచీ, మెడలో ఈల, అలాగే పరుగెత్తుకొచ్చింది. బస్సు మలుపులో ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"టీచరుగారూ, దాన్ని నడిమి గదిలోనే ఉంచేస్తారట! చిన్న గదినుంచి దాని తమ్ముడు వచ్చి దీని పక్కన కూర్చుంటాడు. వాడసలే పిడుగు. రెండు రోజుల్లో దీన్ని అక్కా అని పిలవడం మానేస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు. అసలే నోరు లేని పిల్ల, ఇంక తలెత్తుతుందా చెప్పండి?"

టీచరు మనసు చివుక్కుమంది. ఆవిడ కోపిష్టే గానీ రాతిగుండె కాదు. "కంగారు పడకమ్మా. అన్నీ వచ్చు దానికి, ఆ బద్దల దగ్గరే ఆగిపోయింది. ఎల్లుండి ఇంకోసారి చూడమని పెద్ద టీచరుగారిని నేను అడుగుతాను. ఈలోగా ఇంట్లో పాట బాగా పట్టించు. పాట వస్తే చాలు, బద్దలు వాటంతటవే వస్తాయి."

"అంతేనా? పాటేనా?" తల్లి మొహం వికసించింది. "పట్టించేస్తానండీ! బస్సులో రోజంతా నాతోనే ఉంటుంది కదా సెలవు పెట్టిస్తే. రేపు బడికి పంపను."

హారన్ మళ్లీ మోగింది. ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. పిల్ల మాత్రం నడిచినట్టే వెళ్లింది.

మర్నాడు కడుగుళ్లు. సెలవుల ముందు బడిలో సామానంతా కడిగి ఆరబెట్టడం ఆనవాయితీ. పిల్లల్ని పెరట్లో ఇసుకమీదికి తోలేసి, టీచరు కొళాయి కింద తొట్టి పెట్టుకుని కూర్చుంది. గిలక్కాయలు, గిన్నెలు, చెక్క బొమ్మలు, ఏడాదంతా ముక్కులూ మూతులూ తుడుచుకున్న గుడ్డ బంతులు. చివర్న బద్దలు. సబ్బునీళ్లలో ముంచి, పీచుతో రుద్ది, ఒక్కొక్కటే వరండా గోడకి ఆనించి నిలబెడుతూ పోయింది. నోట్లో పాట ఆడుతూనే ఉంది. తెల్లది బుల్లిది, గులాబి గునగున.

నల్లన్నని నిలబెట్టి, చేతులు దులుపుకుని, నాలుగడుగులు వెనక్కి వచ్చింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. బద్దల నీడలు గోడమీద మెట్లలా పడ్డాయి. మెట్టు, మెట్టు, మెట్టు, మెట్టు, మెట్టు. తర్వాత మెట్టు కాస్త కిందికి దిగింది. ఆ తర్వాతది ఒక్కసారిగా పైకి లేచింది.

నేల ఎగుడుదిగుడుగా ఉందేమో అనుకుంది. నీలం బద్దని పసుపుదాని చోట, పసుపుదాన్ని నీలందాని చోట పెట్టింది. మెట్లు చక్కగా కుదిరాయి. రెండిటినీ తీసుకుని వరండా గచ్చుమీద నిలబెట్టి చూసింది. పసుపు పొడుగు. ఎక్కువేం కాదు, గోరంత. కానీ పొడుగే. గుడ్డివాడు కూడా చెయ్యి పెట్టి చెప్పగలడు.

ఒక పిల్ల చెయ్యి పెట్టే చెప్పింది. "ఆ చెయ్యి తియ్యమ్మా" అన్నది తనే.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా మొగుడి ముందు నిలబడింది. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. ఒంటి కన్నుకి అద్దం తగిలించుకుని, ఒక గడియారం పొట్ట విప్పి, ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"కిందటి సెలవుల్లో నా బద్దలకి రంగులేశారే, అప్పుడు ఇంకేం చేశారు?"

"ఏం చేశాను? నునుపు పట్టాను. రంగేశాను. రెండు చేతులా దణ్ణం పెట్టి ఇచ్చాను."

"నీలందాన్ని ఏం చేశారు?"

ఆయన అద్దం తీసి ఆలోచించాడు. "అదా! దాని చివర పిల్లలు ఎలక కొరికినట్టు కొరికేశారు కదుటే. పీచులు లేచిపోయాయి. నోట్లో గుచ్చుకుంటాయని కాస్త కోసి నునుపు చేశాను. ఏమోయ్, మంచిపనేగా చేశాను?"

"చెప్పాలిగా నాకు!"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు ఏడాది పొడుగునా వాటితోనే కదా ఉంటావు, చూడకపోతావా అనుకున్నా."

ఆ మాట ఆయన ఎత్తిపొడవడానికి అనలేదు, కానీ తగలాల్సిన చోటే తగిలింది. టీచరు వెళ్లి పీటమీద కూలబడింది. ఏడాది పొడుగునా! పిల్లలు రోజూ కలిసి పాడుతూ నీలాన్ని పసుపు తర్వాతే పెట్టారు. తను రోజూ "శభాష్" అంది. పెద్ద టీచరు, వచ్చిపోయే పెద్దమనుషులు, ఎవరూ చూడలేదు. చూసింది ఒక్కతే. దాన్నేమో తను మందబుద్ధుల్లో కలిపేసింది.

"అయినా ఇందులో ఏడవడానికేముంది?" అన్నాడు ఆయన, ఆవిడ చెప్పిందంతా విని కంగారుపడి. "రేపు ఆ పిల్ల మళ్లీ పేరుస్తుందిగా. నిన్నట్లాగే పేరుస్తుంది. సరే అను."

అంతే కదా అనిపించింది ఆవిడకి. మొహం కడుక్కుని టీ పెట్టింది. రేపు ఆ పిల్ల చెయ్యి పెట్టి చూస్తుంది, నీలాన్ని ముందు పెడుతుంది. తను లేచి, "ఇదే సరి, మొన్నా ఇదే సరి, నేనే చూడలేదు" అంటుంది. పెద్ద టీచరు ముందర ముక్కు తెగినట్టవుతుంది, తెగనీ. ఆ పిల్ల మొహం మాత్రం చూడాలి అనుకుంది. అనుకుంటే నిజంగానే సంతోషం వేసింది.

పొద్దున్నే తల్లీ కూతుళ్లు వచ్చేశారు. పిల్ల నెత్తిన నూనె పెట్టి బిగించి రెండు జడలు వేసి ఉన్నాయి. తల్లి గొంతు బొంగురుపోయింది.

"నిన్న బస్సంతా ఇదే పాటండీ," అంది నవ్వుతూ. "టిక్కెట్టు ఇస్తూ పాడాను, ఈల ఊదుతూ పాడాను. ఆఖరికి ముందు సీట్లో ముసలాయన దిగాల్సిన చోటు మర్చిపోయి నల్లన్న దాకా పాడి దిగాడు. ఇక దీనికి రాకుండా ఎక్కడికి పోతుంది!"

పెద్ద టీచరు కుర్చీలో సర్దుకుంది. టీచరు బద్దల పెట్టె తెచ్చి చాపమీద పోసింది.

పిల్ల చాపమీద కూర్చుంది. తల్లి వంక చూసింది. తల్లి కళ్లతోనే "ఊఁ" అంది. పిల్ల పాట మొదలుపెట్టింది. సన్నటి గొంతు, కానీ ఈసారి వినపడింది. తెలుపు పెట్టింది. గులాబి పెట్టింది. నిలబెట్టి చూడలేదు. ఆకుపచ్చ. ఎరుపు. టీచరు ముందుకి వంగింది. చెయ్యి పెట్టు తల్లీ, ఒక్కసారి చెయ్యి పెట్టు.

పిల్ల పసుపు తీసి పెట్టింది. నీలం తీసింది. అరచెయ్యి అలవాటుగా కొంచెం పైకి లేచింది. లేచినది లేచినట్టే వెనక్కి వచ్చి గౌను మడతల్లో దూరిపోయింది. "నీలం నిక్కి నిలిచె," అని పాడి, నీలాన్ని పసుపు పక్కన పడుకోబెట్టింది. చివర నల్లన్న. చేతులు కట్టుకుని, బద్దల వంక కాకుండా, టీచరు మొహం వంక చూస్తూ కూర్చుంది.

"చూశారా! గట్టిగా పట్టుకుంటే అదే వస్తుంది," అంది పెద్ద టీచరు. "సరే. పెద్ద గదికి రాసేయండి."

తల్లి ఆనందం పట్టలేక కూతుర్ని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. సంచీలోంచి ఒక చిన్న కట్ట తీసి చూపించింది. "బద్దల్లేవుగా మాకు, వీటితో నేర్పానండీ!" ఏడు ఐస్‌క్రీం పుల్లలు, పిల్ల రంగు పెన్సిళ్లతో తలో రంగూ పూసి ఉన్నాయి. టీచరు వాటిని చేతిలోకి తీసుకుని చివర్లు అంటించి చూసింది. ఏడూ ఒకే పొడుగు.

"ఇవన్నీ ఒకటేగా అమ్మా," అంది టీచరు.

"అదే గోల పెట్టిందండీ ఇదీ! అన్నీ ఒకటే కదమ్మా, చిన్నదేదీ పెద్దదేదీ అంటూ మొదట్లో ఒకటే ఏడుపు. నాకు ఒళ్లు మండి ఒక మొట్టికాయ వేశాను. టీచరుగారు చెప్పింది చెయ్యి, చూడ్డం మానెయ్ అన్నాను. ఆ తర్వాత గాడిలో పడింది."

టీచరు పుల్లలు తిరిగి ఇచ్చేసింది. ఈ తల్లిని ఏమని అనగలదు? తను ఏళ్ల తరబడి నేర్పుతున్నదేమిటో ఈవిడ ఒక్క రోజులో కనిపెట్టి, ఇంకా చవగ్గా నేర్పేసింది. అంతే తేడా.

"పెద్ద టీచరుగారూ, ఒక్క నిమిషం," అని బద్దలు రెండూ తీసి నిలబెట్టింది. "చూడండి. పసుపే పొడుగు. నీలం చివర మా ఇంట్లో కోశారు, నేను చూసుకోలేదు. మొన్న ఈ పిల్ల చేసిందే సరి. ఇవాళ చేసింది తప్పు."

పెద్ద టీచరు కళ్లజోడు దించి చూసింది, ఎత్తి చూసింది. "గోరంత! దీనికింత హడావిడా? పై గదికి పంపేశాంగా. పిల్లకి నష్టం ఏముంది?"

"అవునండీ," అంది తల్లి, మళ్లీ ఎక్కడ అడ్డం తిరుగుతుందోనన్న భయంతో. "పంపేశారు, అదే పదివేలు. ఇక ఆ సంగతి వదిలెయ్యండి టీచరుగారూ, మీకు పుణ్యముంటుంది."

ఎవరికీ నష్టం లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. టీచరు పిల్ల ముందు చాపమీద చతికిలబడింది.

"అమ్మలూ, వీటిలో ఏది పొడుగు? చెప్పు తల్లీ."

పిల్ల బద్దల వంక చూడలేదు. టీచరు కళ్లలోకే చూస్తూ, "నీలం," అంది.

"వాటిని చూసి చెప్పమ్మా. మొన్న నువ్వు చెప్పిందే సరి. నేనే తప్పన్నాను, నాదే పొరపాటు. ఇప్పుడు చూడు. ఏది?"

పిల్ల కింది పెదవి వణికింది. ఇది ఏదో కొత్త మెలిక అనుకుంది. తల్లి వంక చూసింది, పెద్ద టీచరు వంక చూసింది, మళ్లీ టీచరు మొహంలో జవాబు వెతుక్కుంది. "నీలం టీచర్. నీలం నిక్కి నిలిచె," అని బావురుమంది.

ఆ ఏడుపు టీచరు చెవుల్లో ఆ పగలంతా మోగుతూనే ఉంది. మందబుద్ధి అని పేరు పడితే ఏనాటికైనా పోతుంది. కళ్లముందున్నదాన్ని చూసి చెప్పే పిల్ల, ఇకనుంచి ఎదుటివాళ్ల మొహం చూసి చెబుతుంది. అది పోతుందా? అది పోగొట్టడానికి సెలవులు మొదలయ్యేలోపల ఇక ఒక్కరోజే ఉంది. ఆ తర్వాత ఆ పిల్ల పెద్ద గదికి వెళ్లిపోతుంది, తన చేతులు దాటిపోతుంది.

సాయంత్రం బద్దల పెట్టె చంకనపెట్టుకుని ఇంటికెళ్లింది. గడియారాల బల్లమీద కుమ్మరించింది.

"రంగులు గీకెయ్యండి. మొత్తం."

"పిచ్చా? రెండు పూతలు వేశాను! నీలందానికి మూడు!"

"అందుకే గీకమంటున్నాను."

ఆయన ఆవిడ మొహం చూశాడు. ఎదురు చెప్పే వేళ కాదని తెలిసిన మనిషి. ఆకురాయి తీశాడు, గరుకు కాగితం తీశాడు. ఆవిడా ఒక కాగితం ముక్క తీసుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ రుద్దుతూ కూర్చున్నారు. బల్లమీద ఏడు రంగుల పొడి కుప్పపడి, కలిసిపోయి, చివరికి మట్టిరంగైంది.

"చివర్లు ముట్టుకోకండి," అంది ఆవిడ. "పొట్టలు మాత్రమే."

"ఇప్పుడు చెబుతున్నావు, అప్పుడే చెబితే పోయేదిగా," అని గొణిగి, ఆయన ఒక్కో బద్దనీ ఊది, తుడిచి, పెట్టెలో పెట్టాడు. ఏది నీలమో ఏది పసుపో ఆయనకీ తెలియలేదు, ఆవిడకీ తెలియలేదు.

ఆఖరి రోజు పిల్లలు చాప చుట్టూ మూగారు. టీచరు బద్దలు కుమ్మరించింది. పాడీ పాడీ అరిగిపోయిన గొంతులకి ఎక్కడ మొదలుపెట్టాలో అంతుపట్టలేదు.

"రంగులేవి టీచర్?" అన్నాడు మైకు.

"పోయాయిరా. చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చు చూద్దాం."

మైకు అలవాటుగా పైకప్పు వంక చూసి "తెల్లది బుల్లిది" అని అందుకున్నాడు. చెయ్యి ఒక బద్దమీద పడింది. ఆగిపోయింది. ఇంకోదానిమీద పడింది. మళ్లీ మొదటినుంచి ఇంకా గట్టిగా పాడాడు, గట్టిగా పాడితే బద్దలకి రంగులు వస్తాయన్నట్టు. ఆఖరికి చేతికొచ్చినవి చేతికొచ్చినట్టు పేర్చి, తన వరస వంక తనే చూసి, భోరుమన్నాడు. తర్వాత వచ్చినవాళ్ల తీరూ అంతే. పెద్దదాన్ని చివర పెట్టినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, మధ్యవాటిని పేర్చినవాళ్లు మాత్రం లేరు.

మైకు ఏడుపు విని పెద్ద టీచరు గుమ్మంలోకి వచ్చింది. చాపమీది అవకతవక వరస చూసి నిర్ఘాంతపోయింది. "ఏమిటిది? వీళ్లంతా పాసైనవాళ్లేగా?"

"పాసైంది పాటండీ," అంది టీచరు. "నేను వీళ్లకి చిన్నా పెద్దా నేర్పలేదు. మీ నిబంధన ప్రకారమైతే అందరూ నా గదిలోనే ఉండాలి, నాతో సహా. సెలవులయ్యాక వీళ్లని రోజూ కాసేపు నా దగ్గరికి పంపండి, మొదటినుంచి నేర్పుతాను."

ఇంతకాలం ఆ పాట చూపించి మెప్పు పొందింది పెద్ద టీచరు కూడా. గుమ్మంలోంచి కదలకుండా చాప వంకే చూస్తూ నిలబడింది.

నిదానమ్మ మూలన గోడకి ఆనుకుని కూర్చుంది, చేతులు గౌనులో దాచుకుని. టీచరు పిలిచింది. లేచి వచ్చింది, చాపమీద కూర్చుంది. బద్దలన్నీ ఒకే రంగులో, ఒకదాన్నొకటి పోలి పడి ఉన్నాయి. పాటకి వీటిలో పట్టు దొరకదు. పిల్ల వాటిని చూడలేదు. ఎప్పట్లాగే టీచరు మొహం వంక చూసింది. ఈ కనుబొమ్మ లేస్తే తప్పు, ఈ పెదవి విచ్చుకుంటే ఒప్పు. ఈ రెండు రోజుల్లో అంతా బాగా నేర్చేసుకుంది.

టీచరు నవ్వబోయి మానుకుంది. నవ్వినా అది జవాబే అవుతుంది. బుజ్జగించినా జవాబే. అప్పుడావిడకి ఒకటి తోచింది. చాపమీదే, కూర్చున్నచోటే, మెల్లిగా వెనక్కి తిరిగింది. పిల్లకి వీపు పెట్టి, గోడకి మొహం పెట్టి కూర్చుంది.

"నేను చూడను," అంది గోడతో. "నువ్వే చూడు."

వెనకాల చాలాసేపు చప్పుడే లేదు. పిల్లలు గుసగుసలాడారు. "టీచర్‌కి ఎవరు శిక్ష వేశారు?" అన్నాడు మైకు ఏడుపు మధ్యలో. పెద్ద టీచరు "ష్" అంది. గోడమీద పెచ్చు ఊడిన చోటు ఒకటి టీచరు కళ్లముందే ఉంది. ఆ పిల్ల లేచి వెళ్లిపోయిందేమోనని వెనక్కి తిరగాలని మెడ లాగుతోంది. తిరగలేదు.

టక్. ఒక బద్ద గచ్చుమీద నిలబడింది. టక్. దాని పక్కన ఇంకోటి. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఏమిటో టీచరుకి తెలుసు. అరచెయ్యి పెట్టి ఉంటుంది. అప్పుడు కర్ర చాపమీద జారిన చప్పుడు. మళ్లీ టక్, టక్. ఎంత నిదానం! ఆ నిదానానికి ఏడాదంతా విసుక్కున్న మనిషి, ఇప్పుడది అయిపోకూడదన్నట్టు చెవులు రిక్కించి వింటోంది. కళ్లనుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఒకచోట టక్ టక్ అన్నాక ఎక్కువసేపు ఆగింది. తీసి మళ్లీ నిలబెట్టిన చప్పుడు. మళ్లీ ఆగింది. గోరంత తేడా అక్కడే ఉంది. టీచరు పెదవి కొరుక్కుంది. కర్ర జారిన చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆఖరిది.

"ఇటు తిరగండి టీచర్."

టీచరు తిరిగింది. పిల్ల బద్దల్ని పడుకోబెట్టి ఊరుకోలేదు, ఏడిటినీ చాప పక్కన గచ్చుమీద పక్కపక్కన నిలబెట్టింది. ఆవిడ చూడబోయేంతలో పిల్ల రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"చూడకండి," అంది. "కళ్లు మూసుకుని చెయ్యి పెట్టండి. ఇక్కడ్నుంచి. మెల్లిగా."

టీచరు కళ్లు మూసుకుంది. పిల్ల ఆవిడ అరచేతిని బుల్లి బద్ద తలమీద పెట్టి, పైకి నడిపించుకుంటూ తీసుకెళ్లింది. మెట్టు, మెట్టు, మెట్టు, మెట్టు. ఒకచోట మెట్టు ఉందా లేదా అన్నంత చిన్నగా తగిలింది. పిల్ల అక్కడ ఆవిడ చేతిని ఆపింది.

"ఉంది కదా?" అంది.

"ఉంది," అంది టీచరు.